విర్యో చెవి

మలాంగ్ ఊళ్ళో, బస్టాండు వెనక నా కాఫీ బడ్డీని ఆనుకునే విర్యో షెడ్డు. డ్రైవర్లందరికీ ఆయన పక్దే, అంటే పెదనాన్న. పాత బండి ఏదైనా నిలబడ్డచోట ఎగశ్వాస తీస్తుంటే ఆయన దగ్గరికే తెచ్చేవారు. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఇంజను మీద మెల్లగా జరుపుతూ, గాలి ఎక్కడ దొంగతనంగా దూరుతోందో పట్టేసేవాడు. మిషన్లు లేవు, మన్ను లేదు. ఆ చెవే ఆయనకు అన్నం పెట్టింది.

ఆ చెవి పోయింది. ఆయనకు తప్ప అందరికీ తెలుసు. మా వాళ్ళ మర్యాద తగలెయ్య, పెద్దవాడి ముఖం మీద కాదనడానికి ఒక్కడికీ నోరు రాదు. బండి బాగుపడకపోయినా "బ్రహ్మాండం పక్దే" అని తలొంచి, సందు తిరిగాక ఇంకో షెడ్డుకు పోయేవారు.

మొన్న వానల్లో సర్మిన్ అనే కుర్ర డ్రైవరు తన అంగ్కోత్ తెచ్చాడు. జనాన్ని ఎక్కించుకు తిరిగే నీలం డొక్కు వ్యాను అది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఇంజను ఎగిరెగిరి పడి చచ్చిపోతోంది. మర్నాడే ఫిట్‌నెస్ పరీక్ష.

విర్యో గొట్టం చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను టెంపే, అదే పులిసిన సోయా ముక్కలు, వేయిస్తున్నాను. ఆ నూనె చప్పుడులోంచి కూడా నాకు వినపడుతోంది, బ్రేకుకు పోయే గాలి గొట్టం దగ్గర సన్నటి ఈల. ఆయన చేయి సరిగ్గా దాని మీదుగానే పోయింది. ఆగలేదు.

"కార్బురేటర్ కింద గ్యాస్కెట్టురా," అన్నాడు. విప్పి కొత్తది వేసి బిగించాడు. మళ్ళీ అదే కథ.

"ఎలా ఉంది?"

"కొత్త బండిలా ఉంది పక్దే," అన్నాడు సర్మిన్, యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకుండా.

నాకు ఒళ్ళు మండింది. రేపు పర్మిట్టు పోతే పోయేది వీడి కూడు, వీడేమో మర్యాద వెలగబెడుతున్నాడు. పొయ్యి తగ్గించి వెళ్ళి, ఆ బ్రేకు గొట్టం పగులు మీద బొటనవేలు నొక్కిపెట్టాను.

"కాలు తియ్యరా."

తీశాడు. ఇంజను కుదుటపడింది. విర్యో అరచెయ్యి బండి మీదే ఉంది. వణుకు ఆగడం ఆ చేతికి తెలిసింది.

నా వేలికేసి చూశాడు.

"నీకు పొయ్యి దగ్గర్నుంచే వినపడిందా?"

"వినపడింది."

"నీకురా?" అని సర్మిన్‌ను అడిగాడు.

వాడు తల వంచాడు. "లేదు పక్దే. నాకూ ఏం వినపడలేదు."

నా నిజం కన్నా వాడి అబద్ధమే ఆయన గుండెలో దిగింది. ఇన్నాళ్ళూ ఎంతమంది తన ముందు ఇలా తలలు వంచారో అప్పుడు అర్థమైంది ఆయనకు. కొత్త గొట్టం తనే వేసి, చేతులు కడుక్కుని, షెడ్డు తలుపు దించేశాడు.

బండి పరీక్ష నెగ్గింది. నెగ్గి ఏం లాభం? ఇప్పుడు విర్యో పొద్దున్నే వచ్చి నా బల్ల మీద కూర్చుంటాడు. ఎవరైనా బండి తెస్తే, "నాకు చెవుడు, వేరేచోటికి పోండి," అంటాడు. "మీ చెవికేం పక్దే," అంటారు వాళ్ళు. నిజం నువ్వు చెప్పు అన్నట్టు ఆయన నావైపు తిరుగుతాడు. ఊరంతటిలో నన్నొక్కదాన్నే నమ్ముతున్నాడు పాపం.

నిన్న సర్మిన్ కాఫీకి ఆగాడు. బండి విర్యో వీపు వెనకే, రెండు బారల దూరంలో, గడగడా మోగుతూనే ఉంది.

"వీడు ఇంజను ఆపాడా?" అని నన్ను అడిగాడు విర్యో.

ఆ ముఖంలోకి చూశాను.

"ఆపేశాడు పక్దే," అన్నాను.