మా ఇంట్లో మందు అనే మాట

మా అమ్మాయి చిన్నప్పుడు మహా అల్లరిదని, ఏది కనిపిస్తే అది నోట్లో పెట్టుకునేదని, అందుకే బొద్దింకల మందు తాగిందని మొన్న ఘట్‌కేసర్‌లో మరిది గృహప్రవేశంలో మా ఆడపడుచు మళ్లీ చెప్పింది. అందరూ నవ్వారు. నేను ఆ మాట అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

రెండువేల తొలి సంవత్సరాల్లో మేం నాచారంలో, ఫ్యాక్టరీల వెనక సందులో అద్దెకుండేవాళ్లం. అప్పట్లో కాపురాలు చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇంట్లో ప్రతి సీసా మందే. దగ్గుకు మందు, చీమలకు మందు, బాత్రూం కడగడానికీ మందే. సాయంత్రం మగవాళ్లు తాగేదీ అదే, దాని సంగతి ఎత్తితే ఇవాళ పూర్తి కాదు. మా ఆయన ఫ్యాక్టరీలో పురుగుల మందు కొట్టడానికి వచ్చినవాళ్లు మిగిలింది ఇస్తే, ఊరికే వచ్చింది కదా, బొద్దింకలకు పనికొస్తుందని కూల్‌డ్రింక్ సీసాలో పోయించుకుని తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టి, అది మందని అందరికీ వినబడేలా చెప్పారు.

పిల్లకు నాలుగేళ్లు, వదలని దగ్గు. "ముక్కు మూసుకొని గుటుక్కున మింగు బిడ్డా, దగ్గు పోతది" అని మా అత్తమ్మ రోజూ మందు తాగించేది. ఆ మధ్యాహ్నం నేను ఉప్పల్‌లో బడిలో పాఠం చెబుతున్నాను, అత్తమ్మ కునుకు తీస్తోంది, దగ్గు మందు సీసా ఖాళీ. దగ్గు తెర రాగానే పిల్ల నానమ్మను లేపకుండా తనే వెళ్లి, నాన్న మందన్న సీసా తీసి, దగ్గు మందు కొలిచే మూతలోకి వంచుకుని తాగింది. అత్తమ్మ ఉలిక్కిపడి లేచేసరికి ఇంకా ముక్కు మూసుకునే ఉందట. అల్లరి పిల్ల కొలుచుకుని తాగుతుందా, మీరే చెప్పండి!

"నేనే నేర్పిన సారూ, నా మాటే ఇన్నది పిల్ల" అని దవాఖానాలో డాక్టరు ముందు అత్తమ్మ గుండెలు బాదుకుంది. పిల్ల దక్కింది. ఇంటికొచ్చాక చూస్తుండగానే కథ మారింది. నానమ్మ మాట పోయి, నాన్న సీసా పోయి, చివరికి అల్లరి పిల్ల మిగిలింది.

అప్పుడే నేను పట్టుబట్టాను, ఇంట్లో ఒంటికి పట్టేదాన్నే మందనాలి, తక్కినదాన్నంతా విషమనాలని. అత్తమ్మ చెవులు మూసుకుంది.

"పొద్దుగాల్నే ఇంట్ల విషం విషం అంటవేందే! డిగ్రీ సదివింది గిందుకేనా?"

"సీసాల ఉండొచ్చుగానీ నోట్ల ఉండొద్దా అత్తమ్మా?"

సందులో నాకు విషమక్కని పేరొచ్చింది. "విషమక్కా, జర మంచినీళ్లియ్యి, మీ ఇంట్ల తాగొచ్చు గదా?" అని పక్కింటావిడ ఎకసెక్కం. కానీ విచిత్రమేమంటే, ఆ మాట నోట పలకడానికి జంకి, మా ఆయన కొట్లో దోమల విషం అడగలేక వట్టి చేతులతో తిరిగొచ్చేవారు. బట్టల మధ్య కలరా ఉండలు పోయాయి, ఘాటు ఫినాయిల్ పోయింది. బొద్దింకల కన్నాలు సిమెంటుతో పూడ్పించాను, బండలు సబ్బునీళ్లతో కడిగాను. తెలంగాణ వచ్చేనాటికి మా గట్టు మీద దగ్గు మందు తప్ప మరో మందు లేదు.

ఇప్పుడు బండలకూ బాత్రూంకూ వాడే సీసాల సోకే వేరు, నిమ్మకాయ బొమ్మలు, మల్లెల వాసనలు, షర్బతు రంగులు. మందనీ అనరు, విషమనీ అనరు. మా అమ్మాయి హబ్సిగూడ ఫ్లాట్‌లో అవి సింకు కింద, దాని కూతురి చేతికందే ఎత్తులో వరుసగా ఉంటాయి. పైన పెట్టవే అంటే, "ఇది నాలెక్క అల్లరిది గాదమ్మా, చెప్పిన మాట ఇంటది" అని నవ్వింది.

చెప్పిన మాట విన్న పిల్లే ఆ రోజు తాగిందని, తాగిన పిల్లకే నేనిప్పుడెట్లా నచ్చజెప్పేది?