మా పెద్దపిల్ల విప్పిన ముడులు

దయ్యాలనూ మహిమలనూ నేను నమ్మను. ఇదంతా చదివాక "ఇంకేం, నువ్వూ నమ్మినట్టేగా" అనేవాళ్లు ఉంటారు కాబట్టి ముందే చెబుతున్నాను. అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఎయిర్‌పోర్టు కార్గోలో ఎక్స్‌రే స్క్రీన్ ముందు కూర్చుని పెట్టెల్లో ఏముందో చూడటం నా ఉద్యోగం. కనబడిందే రాసి సంతకం పెట్టడం అలవాటైపోయి, ఆ బుద్ధి ఇంట్లో కూడా వదలదు. ఇది కూడా అలాగే రాస్తున్నాను.

మేముండేది మామిడిపల్లిలో. నేను, మా ఆయన, మా అత్తమ్మ, అప్పటికి నాలుగేళ్లు నిండిన మా పాప చిట్టి. చిట్టి పుట్టినప్పుడు ఆపరేషన్ అయింది కాబట్టి రెండోసారీ ఆపరేషనే చేయాలన్నారు డాక్టరమ్మ. ఎలాగూ కోసేదే కదా, మంచి గడియలో కోయిద్దామని మా అత్తమ్మ అయ్యగారి దగ్గరికి వెళ్లి ముహూర్తం పెట్టించుకొచ్చింది. గురువారం ఉదయం పది నలభై రెండు. ఈ రోజుల్లో ఇది పెళ్లి ముహూర్తమంత మామూలు విషయమైపోయింది. శంషాబాద్‌లో మేం చూపించుకుంటున్న నర్సింగ్ హోమ్‌వాళ్లూ అడ్డు చెప్పలేదు. నా ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఆ రోజూ టైమూ పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. నేనూ కాదనలేదు. ఆ తప్పులో నా వాటా నేను ఒప్పుకుంటాను.

నొప్పులు బుధవారం పొద్దున్నే మొదలయ్యాయి.

తొమ్మిదింటికల్లా మా ఆయన నన్ను నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాడు. రెండో అంతస్తులో లేబర్ రూమ్. అక్కడి సిస్టర్ ముందు ఫైలు అట్ట చూసింది, తర్వాత నన్ను చూసింది.

"మీది రేపు గదమ్మా. గివి ఉత్త నొప్పులు, టెన్షన్‌కు వస్తయ్" అంది.

ఒకసారి గుండె చప్పుడు చూసే మిషన్ పొట్ట మీద పెట్టి, బాగానే ఉందని, ఒక సూది వేసి పడుకోబెట్టింది. నా ఫోను, గాజులు మా ఆయన చేతికిచ్చి అతణ్ని కిందికి పంపేశారు. అతను ఇంటికి ఫోన్ చేసి, దొంగ నొప్పులేనట, రేపటిదాకా ఆపుతారట అని చెప్పాడు. మా అత్తమ్మ ఊపిరి పీల్చుకుని, "జర ఓర్చుకోమను, ఒక్క దినమే గదా" అందట. ఒక్క దినమట. ఆ మాట నాకు తర్వాత తెలిసింది కాబట్టి సరిపోయింది.

నా మంచానికి ఎదురుగా గోడ గడియారం ఉంది, అందుకే టైములు ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. పదకొండింటికి నొప్పులు అయిదు నిమిషాలకొకటి వస్తున్నాయి. అప్పటిదాకా ప్రతి నొప్పి తగ్గాక నా కుడి పక్కటెముకల కింద బిడ్డ ఒక తన్ను తన్నేది. పదకొండున్నర దాటాక అది ఆగిపోయింది. ఒక నొప్పి పోయింది, తన్ను లేదు. ఇంకో నొప్పి పోయింది, లేదు. పొట్ట మీద చేయి వేసుకుని ఎదురుచూశాను.

సిస్టర్ మూడడుగుల దూరంలో టేబుల్ దగ్గర రిజిస్టర్ రాసుకుంటోంది. చెప్పాను.

"రెండో కాన్పుకు గూడ గిట్ల భయపడ్తరా అక్కా" అంది.

మళ్లీ చెప్పాను. "కదులుతలేదు సిస్టర్. జర మిషన్ పెట్టి చూడుండ్రి."

"పొద్దుగాల చూసిన గదా, మంచిగనే ఉన్నది" అంది తలెత్తకుండా.

మూడోసారి అరిచాను. బిడ్డ చచ్చిపోతోందని అరిచాను. ఆవిడ లేచింది. హమ్మయ్య, వస్తోంది అనుకున్నాను. వెళ్లి తలుపు వేసి వచ్చి కూర్చుంది. వరండాలో ఉన్నవాళ్లు భయపడతారట.

ఇక ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. ఇది నేను చూసింది కాదు. మా అత్తమ్మను, పక్కింటి షాహీన్ అక్కను విడివిడిగా కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరికి చెప్పకుండా అడిగి తెలుసుకున్నది.

పదకొండున్నర దాటాక చిట్టి ఆడుకుంటున్నదల్లా లేచి పెరట్లోకి వెళ్లి, స్టూలెక్కి బట్టల తాడు ముడి విప్పింది. ఉతికిన బట్టలన్నీ మట్టిలో పడ్డాయి. అది గోడ అవతల నుంచి షాహీన్ అక్క చూసింది. పిల్ల చేష్ట అనుకుంది. తర్వాత చిట్టి లోపలికొచ్చి బియ్యం సంచి మూతికి కట్టిన దారం విప్పింది. కిటికీ కర్టెన్లకు కట్టిన రిబ్బన్లు విప్పింది. గేటుకు కట్టిన తాడు విప్పింది. మా అత్తమ్మ బీరువా తాళంచెవి కొంగున ముడేసుకుంటుంది. చిట్టి వచ్చి ఆ ముడి కూడా విప్పి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. తిడితే ఏడవలేదు, నవ్వలేదు.

"ఇంకేడున్నయ్ నానమ్మా ముడులు?" అని అడిగింది.

మా అత్తమ్మ పుట్టింది రావిర్యాలలో. వెనకట అక్కడ ఇంట్లో ఆడమనిషి నొప్పులు పడుతుంటే తాళాలు తీసి, ఉన్న ముడులన్నీ విప్పేవాళ్లట. తన చిన్నప్పుడు ఒక్కసారి చూసిందట. "మీ మామకు గూడ చెప్పలే బిడ్డా. నాకే యాద్ లేకుండె. పొల్లకెట్ల తెలుస్తది" అంది నాతో. నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి అడిగినా ఆ మాట మారలేదు.

చివరికి చిట్టి నడింట్లో నిలబడి, చేతులు పైకెత్తి వేళ్లు ఆడిస్తూ అందట:

"తమ్ముని మెడకు ముడి పడ్డది నానమ్మా. నాకు అందుతలేదు."

అప్పుడు మా అత్తమ్మకు ముహూర్తం గుర్తు రాలేదు. మా ఆయనకు ఫోన్ చేసింది. అతని ఫోన్‌లో ఆ కాల్ పన్నెండు గంటల ఆరు నిమిషాలకు ఉంది. నేను చూశాను.

మా ఆయన ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనని మనిషి. ఆ రోజు మెట్లన్నీ ఎక్కి వచ్చి లేబర్ రూమ్ తలుపు నెట్టుకుని లోపలికొచ్చాడు.

"నా బిడ్డ గుండె సప్పుడు నాకు ఇనిపియ్యుండ్రి. ఇంటెనే కిందికి పోత" అన్నాడు.

అతణ్ని వదిలించుకోవడానికే సిస్టర్ మిషన్ పెట్టింది. గుర్రం పరుగెత్తినట్టు వినబడాల్సిన చప్పుడు ఆగి ఆగి, ఒకటీ అరా వినబడింది. ఆవిడ మిషన్ అక్కడే వదిలేసి ఫోన్ అందుకుంది. తర్వాత అంతా పరుగులే. కింద ఓపీ చూస్తున్న డాక్టరమ్మ వచ్చింది. పన్నెండు ముప్ఫై నాలుగుకు బాబును తీశారు. మెడకు పేగు రెండు చుట్లు, బిగుసుకుపోయి ఉందట. పది రోజుల ముందు తీసిన స్కానింగ్‌లో అది లేదు. బాబు నీలంగా ఉన్నాడు, ఏడవలేదు. నాకు నడుము కిందే మత్తిచ్చారు కాబట్టి నేను మెలకువగానే ఉన్నాను. వాడు ఏడ్చేదాకా గడిచిన ఆ రెండు మూడు నిమిషాలకు నేనెవరినీ క్షమించను.

"ఇంకో పావుగంట అయ్యుంటే..." అని డాక్టరమ్మ ఆపేసింది.

ఇంట్లో చిట్టి అప్పటికి చాప మీద నిద్రపోయింది.

ఆ తర్వాతే నా అసలు కోపం. చూడటానికొచ్చిన చుట్టాలంతా బాబును వదిలేసి చిట్టి చుట్టూ మూగారు. దాని కాళ్లకు మొక్కారు. మా అత్తమ్మ శుక్రవారం శుక్రవారం దానికి పెద్ద బొట్టు పెట్టి పీట మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. కొత్తూరు నుంచి ఎవరో తమ కడుపుతో ఉన్న కోడల్ని తీసుకొచ్చి, పాపతో ఒకసారి పొట్ట ముట్టించమన్నారు. నేను ఆ బొట్టు చెరిపేసి, ఆ అమ్మాయితో, నీ బిడ్డ కదలకపోతే దవాఖానకు పో, వినకపోతే గొంతు చించుకో, మా పిల్ల దగ్గరికి మాత్రం రాకు అన్నాను. పొగరన్నారు. అననీ. అయ్యగారైతే బుధవారం పన్నెండు ముప్ఫై నాలుగు కూడా దివ్యమైన గడియే అని తేల్చారు.

అంతమందిలో ఒక్కరు కూడా, నువ్వు మూడుసార్లు చెబితే ఎందుకు వినలేదు అని అడగలేదు. మహిమ దొరికాక ఇంకెవరికి కావాలి ఆ సంగతి?

నేనే అడిగాను. నెల తిరిగాక వెళ్లి, పట్టుబట్టి నా కేసు కాగితాలు తీసుకున్నాను. గంట గంటకూ రాసిన పేజీలో పన్నెండు గంటల దగ్గర ఇలా ఉంది: పేషెంటు నిద్రపోతోంది.

బాబుకు ఇప్పుడు రెండేళ్లు. ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. ఆ రోజు గురించి చిట్టిని అడిగితే "నాకు యాద్ లేదమ్మా" అంటుంది. నేనూ ఆలోచించని కారణం లేదు. కాకతాళీయం అనుకున్నాను. పెద్దవాళ్ల కంగారు పసిగట్టిందనుకున్నాను. కానీ అప్పుడు ఇంట్లో కంగారే లేదు, అంతా బాగానే ఉందన్న కబురు వచ్చి ఉంది. పుట్టేది తమ్ముడని కూడా ఎవరికీ తెలియదు. దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఉందని చెప్పుకునేవాళ్లను నేను నమ్మను.

మా ఇంటికీ ఆ మంచానికీ మధ్య ఎయిర్‌పోర్టు మొత్తం అడ్డం ఉంది. అంత దూరం నుంచి నాలుగేళ్ల పిల్లకు అందిన కబురు, మూడడుగుల దూరంలో కూర్చుని, నా అరుపు విని, లేచి తలుపు వేసొచ్చి, నిద్రపోతోందని రాసిన మనిషికి ఎందుకు అందలేదు? చిట్టి సంగతి తర్వాత. ఎవరికైనా తెలిస్తే ముందు నాకు ఇది చెప్పండి.