కరపత్రంలో నేను వదిలేసిన వాక్యం

ఆ ఆదివారం సాయంత్రం ఆబిడ్స్ నుంచి నాంపల్లి మెట్రో వైపు నడుస్తుంటే, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే మల్లన్న వెనక నుంచి కేకేశారు.

"ఏంది బిడ్డా, చెప్పు గీడ్నే ఇడిసిపోతున్నవ్? కాళ్ళకు సోయి లేదా?"

కిందికి చూసుకున్నాను. ఎడమకాలికి చెప్పు లేదు. పది అడుగుల వెనక, ఆయన పరిచిన నిఘంటువుల పక్కన పడి ఉంది. నవ్వేసి తొడుక్కున్నాను. ఇంటికొచ్చాక మాత్రం డైరీలో రాసుకున్నాను: 'చెప్పు జారితే నాకెందుకు తెలియలేదు?'

అప్పటికి మూడేళ్ళుగా నేను వీగన్‌ని. మా ఇంట్లో మాంసం మొదటినుంచీ లేదు. నేను పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశాను. ఆదివారాలు మా వీగన్ జట్టు ఆబిడ్స్‌లో పాత పుస్తకాల వరస దగ్గర నిలబడుతుంది. నలుగురం వీపులు ఆనించుకుని తలో దిక్కుకూ తిరుగుతాం. చేతుల్లో ట్యాబ్‌లు, వాటిలో పశువుల పాకల వీడియోలు. ఆగి చూసినవాళ్ళతో మిగతా జట్టు మాట్లాడుతుంది, కరపత్రాలు ఇస్తుంది. ట్యాబ్ పట్టుకున్నవాళ్ళు మాట్లాడకూడదు, కదలకూడదు. కొత్తవాళ్ళను పలకరించాలంటేనే గొంతు ఎండిపోయే నాకు అంతకన్నా మంచి పని లేదు.

అందుకే అరికాళ్ళలో చీమలు పాకినట్టున్నా పట్టించుకోలేదు. మూడు గంటలు బొమ్మలా నిలబడితే తిమ్మిరెక్కదా! జట్టులో అందరం అలాగే అనుకునేవాళ్ళం. మరి మంగళవారం, బుధవారం కూడా ఎందుకుంటోందని నన్ను నేను అడగలేదు.

అమ్మ అడిగింది. "ఏమిటే ఆ నడక? గోడ పట్టుకుని నడుస్తున్నావు, ముసలమ్మలా!"

"ఏం లేదమ్మా, నిలబడి నిలబడి."

"ఊళ్ళోవాళ్ళ తిండంతా మార్చేస్తున్నావు. నీ తిండి ఎవరు చూస్తారు? పోనీ మజ్జిగైనా పోసుకోవే."

మర్నాడు నన్ను నాంపల్లిలో ఒక ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ నన్ను మంచం మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమన్నారు.

"ట్యూనింగ్ ఫోర్క్ పెడతాను. అదరడం ఎక్కడ తెలిస్తే అక్కడ చెప్పమ్మా."

నేను ఎదురు చూశాను. ఎంతకీ ఏమీ లేదు.

"పెట్టండి డాక్టర్" అన్నాను.

"పెట్టి చాలాసేపైంది" అన్నారావిడ.

కళ్ళు తెరిచాను. ఆ ఇనప కడ్డీ నా బొటనవేలి మీదే ఉంది. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యం. ఇన్ని రోజులుగా నా కాళ్ళు నాకు తెలియకుండా ఎక్కడికి పోయాయి?

రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీ, బి12 పరీక్ష, నరాల పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. బి12 అట్టడుగున ఉంది. "ఆకుకూరలు బాగా తింటావు కదా. వాటిలో ఉండే ఫోలేట్ విటమిన్ బాగుండటంతో సీబీసీలో తేడా పెద్దగా కనపడలేదు. దెబ్బ నరాలకు తగిలింది. ఇంకా ఆలస్యం చేస్తే కొంత తిరిగి రాదు" అన్నారు డాక్టరమ్మ. తర్వాత అడిగారు. "బి12 టాబ్లెట్ వేసుకోవాలని నీకెవరూ చెప్పలేదా?"

నాకు తెలుసు. అసలు సంగతి అదే.

మా ఇంగ్లిష్ కరపత్రంలో చివరి వాక్యం అది: బి12 టాబ్లెట్ తప్పనిసరి. దాన్ని తెలుగులోకి రాసింది నేను. పేజీలో చోటు చాలలేదు. చోటొక్కటే కాదు, ఆ ఒక్క మాటను పట్టుకుని జనం 'చూశారా, నీరసం వస్తుందట' అంటారని భయపడ్డాను. వాక్యాన్ని వదిలేశాను. ఇతరులకు చెప్పని మాట మెల్లగా నాకూ గుర్తు లేకుండా పోయింది.

"మళ్ళీ పాలు తాగాల్సిందేనా?" అని అడిగాను.

"అది నీ ఇష్టం. బి12ని ఆవూ తయారుచేయదు, ఆకూ తయారుచేయదు. చేసేది సూక్ష్మజీవులు. నీ ఇంజెక్షన్ కూడా వాటి పుణ్యమే. కానీ మందు మానడం మాత్రం నీ ఇష్టం కాదు."

రోజు విడిచి రోజు ఇంజెక్షన్. దానిమ్మ రసంలా ఎర్రగా ఉండేది. రెండో వారంలో తిమ్మిరి తగ్గకపోగా మంటగా మారింది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. మందు పని చేయడం లేదని ఏడ్చాను. "నరాలు కోలుకునేటప్పుడు కొందరికి ఇలా ఉంటుంది, మానొద్దు" అన్నారు డాక్టరమ్మ.

ఆ మంటలోనే మల్లన్న గుర్తొచ్చారు. ఒక ఆదివారం పోతూ పోతూ నేనిచ్చిన తెలుగు కరపత్రం చదివి పాల చాయ్ మానేశానని చెప్పిన ఒకే ఒక్క మనిషి. ప్రతి ఆదివారం నల్ల చాయ్ గ్లాసు నాకేసి ఎత్తి చూపించేవారు. ఆయన కాళ్ళు ఎలా ఉన్నాయో!

నడవగలిగిన మొదటి ఆదివారమే వెళ్ళాను.

"నెల దినాలాయె బిడ్డా, జాడ లేదు?"

"అన్నా, మీ కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?"

"పొద్దంత బండల మీద కూసుంటె ఎక్కయా మరి?"

ఆయన పక్కన చతికిలబడ్డాను. జరిగిందంతా చెప్పేశాను, వదిలేసిన వాక్యంతో సహా. బహుశా నా జీవితంలో నేను మాట్లాడిన అతి పొడుగు మాట అదే. ఆయన వింటూ వింటూ తల గోక్కున్నారు.

"ఫికర్ జెయ్యకు. నువ్వు ఆడ నిలబడ్డంత సేపే నల్ల చాయ్. నువ్వు పోయినంక పాల చాయే తాగుత."

"మరి మానేశానన్నారు?"

"గా కాయితం ఇచ్చేటప్పుడు నీ చెయ్యి గజగజ వణుకుతుండె. ఎట్ల కాదంట?"

సిగ్గూ ఊరటా కలిసి నవ్వొచ్చింది. ఆయనా నవ్వి, అంతలోనే ఆపేశారు.

"కానీ మా రజిత నిజంగనే బంద్ జేసింది బిడ్డా. నీ కాయితం ఇంటికి తీస్కపోయిన. ఏడాదాయె, గుడ్డు గూడ ముడుతలేదు."

రజిత ఆయన కూతురు, డిగ్రీ చదువుతోంది. అక్కడే నిలబడి ఆమెకు ఫోన్ చేశాను.

"అక్కా, గది రాసింది మీరేనా? మస్తు రాసిన్రు!"

"అందులో ఒక వాక్యం తీసేశాను" అని, అదేమిటో చెప్పాను.

"ఎందుకు తీసేసిన్రు?"

"చదివి భయపడతారని."

"మేం గంత పిరికోళ్ళమా అక్కా?"

ఆ వారమే ఆమెకు పరీక్ష చేయించాం. బి12 తక్కువే ఉంది, నరాలకు మాత్రం ఏమీ కాలేదు. టాబ్లెట్లు చాలన్నారు. ఆ రిపోర్టు చేతికొచ్చేదాకా నాకు అన్నం సహించలేదు.

ఇప్పటికి ఎనిమిది నెలలు. నేనూ టాబ్లెట్ల మీదికి వచ్చాను, ఇప్పటికీ వీగన్‌నే. పొద్దున్నే అమ్మ నా కాలికింద ఏదో ఒకటి పెడుతుంది, నేను కళ్ళు మూసుకుని కనిపెట్టాలి. "దొంగచూపులు చూడకే!" అని గదమాయిస్తుంది. చింతగింజ తెలుస్తోంది, చొక్కా గుండీ తెలుస్తోంది. మెంతిగింజ ఇంకా తెలియడం లేదు. ఎడమ బొటనవేలి కొస మొద్దుగానే ఉంది. అది వస్తుందో రాదో డాక్టరమ్మా చెప్పలేకపోయారు. రోజూ డైరీలో రాస్తున్నాను.

కొత్త కరపత్రంలో బి12 మాట మొదటి వాక్యం. అది చూసి వెనక్కి ఇచ్చేసినవాళ్ళున్నారు. ఆగి, ఎందుకని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు ట్యాబ్ వేరేవాళ్ళు పట్టుకుంటున్నారు. ఆ అడిగినవాళ్ళకు జవాబు చెప్పేది నేనే, గొంతు ఎండిపోతూనే.

పోయిన ఆదివారం మల్లన్న పుస్తకాల ముందు మళ్ళీ చెప్పు జారబోయింది. వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి.

మీలో ఎవరికైనా తిమ్మిర్లు రోజుల తరబడి తగ్గకపోతే, కారణం మీరే ఊహించుకుని ఊరుకోకండి. బి12 పరీక్ష గురించి అడగండి. డాక్టరుకు ఏం తింటున్నారో చెప్పేటప్పుడు, ఏం మానేశారో కూడా చెప్పండి.