దసరా నాడు ముట్టని పానా

మొన్న మా అల్లుడి కారు సర్వీసింగుకు ఇవ్వడానికి నల్లగొండ వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు గానీ బండి దగ్గరికి రానివ్వలేదు. కాసేపటికి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, మార్చామనడానికి సాక్ష్యంగా పాత ఆయిల్ ఫిల్టర్ తెచ్చి చూపించాడు. నా చెయ్యి ఊరుకోలేదు, దాని మూతి చుట్టూ వేలు తిప్పి రబ్బరు రింగు ఉందో లేదో చూశాను. మన ఈడు బండివాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, పాత ఫిల్టర్ ఊడినప్పుడు ఆ రింగు దాంతోపాటే రావాలి. అది ఇంజినుకే అతుక్కుని ఉండగా చూడకుండా కొత్తది బిగిస్తే రింగు మీద రింగు కూర్చుని, ఆయిల్ మొదట బొట్టుబొట్టుగా, తర్వాత ధారగా కారిపోతుంది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మా అన్న, నేను కలిసి నకిరేకల్‌లో ఒక కారు కిరాయికి తిప్పేవాళ్ళం. గుట్ట మీది స్వామికి మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్ళు, పెళ్ళిచూపులకు పోయేవాళ్ళు, దవాఖానకు పోయేవాళ్ళు, అందరూ మమ్మల్నే పిలిచేవారు. రెండిళ్ళ పొయ్యిలు ఆ బండి మీదే వెలిగేవి. ఫిల్టర్ మార్చడం ఎప్పుడూ మా వాకిట్లోనే, అన్న చేతి మీదుగానే. గోనెసంచి పరుచుకుని ఆయన బండి కిందికి దూరితే నేను పానాలు అందించేవాణ్ణి, వదిన చాయ్ గ్లాసులు టైరు పక్కన పెట్టి వెళ్ళేది, తీసేసిన నల్ల ఆయిల్ కోసం తలుపులు కిర్రుమంటున్నాయంటూ ఇరుగుపొరుగు వచ్చేవారు. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టమే, ఏం చేయను.

బండి శుభ్రంగా పూజకు కూర్చోవాలని, దసరా ముందురోజు ఆయిలూ ఫిల్టరూ మార్చడం అన్న పెట్టుకున్న ఆనవాయితీ. ఆ ఏడూ అలాగే మార్చాడు. పొద్దున బండి ముందు గుడ్డ పరిచి పానాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బండిని కాస్త ముందుకు నడిపేసరికి కడిగిన వాకిట్లో నల్లటి బొట్లు కనిపించాయి. ఆయిల్ కారుతోంది, ఫిల్టర్ ఒకసారి విప్పి చూద్దామన్నాను. అన్న ముఖం మాడ్చుకున్నాడు.

"పూజల పెట్టిన పానా ముట్టొద్దురా. దసరా నాడు పానా పడితే ఏడాదంత పానానే పట్టాలె."

ఆ మధ్యాహ్నమే గుట్టకు కిరాయి. చిట్యాల దాటి భువనగిరి దోవ పట్టాక ఆయిల్ అడుగంటిందని మీటర్లో ఎర్ర లైటు వెలిగింది. ఆపమన్నాను. స్వామి దగ్గరికే పోతున్నాం గదా అని అన్న ఆపలేదు. కొంత దూరం పోగానే ఇంజిన్ పట్టేసింది. నేను ప్రయాణికులను వేరే బండిలో గుట్టకు తీసుకెళ్ళాను, అన్న కారును తాడు కట్టించి వెనక్కి చిట్యాల మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి నేరం నా మీద పడి ఉంది. ఇంజిన్ ఖతమైంది, మంచిరోజు పొద్దున్నే తమ్ముడు కారుతాందని నోరు విడిచిండు, గా మాటే తాకిందని అన్న వాడంతా చెప్పాడట. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. కారు తుక్కు కింద పోయింది, పొత్తు విడిపోయింది, అన్న హైదరాబాదులో ఎవరిదో బండికి డ్రైవరయ్యాడు. నన్ను మాత్రం చాలా కాలం శుభకార్యాల కిరాయిలకు ఎవరూ పిలవలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాకే బుద్ధి చెప్పినవాళ్ళున్నారు.

నిరుడు అన్న పోయాడు. దినాలు అయ్యాక వదిన నన్ను పక్కకు పిలిచింది.

"మీ అన్నకు ఆ దినమే ఎరుకైందయ్యా. మెకానిక్ రొండు రింగులు చేతుల పెట్టి చూపిచ్చిండట. ఎవలకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకుండు."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, ఆ కోపం చూపించడానికి మనిషి లేడు. ఇప్పుడు మా రెండిళ్ళలోనూ బండి కిందికి దూరేవాళ్ళు లేరు, తప్పు జరిగితే కంపెనీని తిట్టుకుంటారు, అన్నదమ్ముల దాకా రాదు. అది మంచిదే కావచ్చు. నాదే పొరపాటురా అని అన్న ఒక్కసారి అని ఉంటే ఇంజినును ఎన్నడో మరిచిపోయేవాణ్ణి. అనలేదు, నేనూ పంతం విడవలేదు, దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కడానికి ఆ గడప తొక్కనే లేదు. ఈ ఏడు జమ్మి తెచ్చుకున్నాను. మా వంశంలో నాకంటే పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు.