యాదమ్మ పెద్దమ్మ చెప్పిన మాట

మాదాపూర్‌లో మెట్రో దిగి ఆఫీసుకు నడుస్తుంటే, మెట్ల పక్కన ఒకామె తంగేడు పూలు కుప్పపోసి అమ్ముతోంది. ఆ పచ్చి వాసనకు నా ఏడేళ్లప్పటి సద్దుల బతుకమ్మ గుర్తుకొచ్చింది.

మాది చిన్న టౌను. ఆ పండుగకు రెండు రోజుల ముందే అమ్మను పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. ఆమె ఆటో ఎక్కుతుంటే వాడకట్టు ఆడవాళ్లంతా "పోయి రా" అన్నారు. పండుగనాటికి అమ్మ రాలేదు. పక్కింటి యాదమ్మ పెద్దమ్మే నాకు జడ వేసి, చిన్న బతుకమ్మను పేర్చి ఇచ్చి, తనతో చెరువుకు తీసుకెళ్లింది.

ఆట అయ్యాక అందరూ బతుకమ్మలను నీళ్లలో వదులుతూ "పోయి రావమ్మా" అన్నారు. నేను మాత్రం నా తాంబాళాన్ని గట్టిగా పట్టుకుని ఏడుపు మొదలుపెట్టాను.

"ఏమైంది బిడ్డా? ఇటియ్యి, నీళ్లల్ల ఇడుద్దాం," అంది పెద్దమ్మ.

"నేనియ్య. పోయి రా అంటే మల్ల రారు. అమ్మ గూడ రాలే."

పెద్దమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "ఎందుకు రాదు? మీ అమ్మ తప్పకుంట వస్తది. నేను చెప్తున్న గద," అంది. నేను నమ్మాను. ఇద్దరం కలిసి నా బతుకమ్మను నీళ్లలో వదిలాం.

పదిహేను రోజులకు అమ్మ ఇంటికి వచ్చింది. పెద్దమ్మకు అంతా ముందే తెలుసనుకున్నాను. కానీ ఆ పండుగనాటి మధ్యాహ్నమే నాన్న దవాఖాన నుంచి ఆమెకు ఫోన్ చేసి, డాక్టర్లు ఏ మాటా చెప్పలేమన్నారని ఏడ్చాడట. ఆ సంగతి నాకు చాలా ఏళ్లకు తెలిసింది. అంత కబురు విని కూడా ఆమె ఎవరితోనూ అనకుండా, నా పండుగ నాకు దక్కేలా చూసింది.