మంచి క్రిముల మాత్రలు

వీధిలో అందరూ ఆయన్ని గుర్రం అంటారు. పగలంతా కుట్టుమిషను ముందు కూచునే దర్జీయే గానీ, తెల్లారేసరికి ఊరంతా పరుగున చుట్టొచ్చేస్తాడు. దవడలు లోపలికి పోయినా పిక్కలు మాత్రం రాళ్ళే. చిత్రమేంటంటే, పందెం దగ్గరపడితే చాలు, జలుబు చుట్టంలా దిగిపోతుంది. మరీ దూరాలు పరిగెడితే ఒంట్లో రోగాల్ని ఆపే కాపలా సన్నగిల్లుతుందట. అందుకే జిల్లా పరుగు జట్టు కోచ్ ప్రోబయోటిక్ మాత్రలు ఇప్పించాడు. అంటే బతికున్న మంచి క్రిములు, కడుపులో చేరి కాపు కాస్తాయని. గొంతుకి మంచిదని వాళ్ళావిడ రోజూ పొగలు కక్కే నీళ్ళిస్తే, ఊదుకుంటూ వాటితోనే మింగేవాడు.

ఈ ఏడు దాటితే వయసు అడ్డం, జట్టులోకి తీసుకోరు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. సరిగ్గా ఎంపిక పరుగు రోజునే జ్వరంతో మంచమెక్కాడు. చూడొచ్చిన కోచ్, మాత్ర కోసం మంచం పక్కన పెట్టిన గ్లాసు ముట్టుకుని చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"ఇంత వేడినీళ్ళతోనా? క్రిములు ఉడికిపోవూ? ఇన్నాళ్ళూ శవాల్ని మింగావన్నమాట."

ఆయన వంటింటివైపు చూసి, "మెల్లగా సార్, ఆవిడ వింటుంది," అన్నాడు.

కోచ్ వెళ్ళాక ఆవిడొచ్చి దుప్పటి సర్దింది. "దిగులుపడకండి. వచ్చే ఏడు రెండేసి మాత్రలు వేసుకుందురుగాని."

"అలాగేలే," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.