కంప్యూటర్ బజ్జీలు

ఐదో తరగతిలో నేను బడి మానేస్తే మాస్టారు కొబ్బరికాయ కొట్టారు. ఎనభైల్లో ఒకసారి మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో, అంచుల్లో చిల్లులున్న కాగితాల కట్ట ఉంది.

“ఏంది సార్ ఇది?”

“పాత కంప్యూటర్ని నడిపించే ప్రోగ్రాం. కంపెనీ తగలబెట్టమంది, దాచిపెడదామని తెచ్చా. ఇంకో కాపీ లేదు. కాస్త చూస్తుండు బాబూ,” అని గురజాలలో నీళ్లకు దిగాడు.

నేను బజ్జీలు కొని, పై కాగితాలు చింపి వాటిలో పెట్టి, “కంప్యూటర్ బజ్జీలు బాబాయ్, తినండి” అంటూ బస్సంతా పంచాను. అందరూ నవ్వారు.

ఆయన తిరిగొచ్చి చూశాడు. సీటు సీటుకూ వెళ్లి నూనె కాగితాలు అడిగి తీసుకుని, చొక్కాతో తుడిచి, వరుసగా పేర్చాడు. ఒకటి కిటికీలోంచి ఎగిరిపోయిందట. అది ఉండాల్సిన చోట వేలు పెట్టుకుని మాచర్ల దాకా అలాగే కూర్చున్నాడు.

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ నవ్వలేదు.

“బస్సు నిండా మనుషులుంటే, నమ్మటానికి ఆయనకి నువ్వే దొరికావా?” అంది.